జాలి ఇంట్లో పెట్టి షెల్టర్‌కి వెళ్లండి

ఆదివారం పొద్దున ఏదైనా యానిమల్ షెల్టర్‌కి వెళ్లి ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. కుక్కపిల్లలున్న చోట జనం. సెల్ఫీలు. 'నాకిది కావాలి, నాకది కావాలి' అని పిల్లల పేచీలు. నాలుగడుగులు దాటితే మూతి నెరిసిన పెద్ద కుక్కలుంటాయి. అక్కడ ఎవరూ ఆగరు. ఆగినా 'అయ్యో పాపం' అనేసి కదిలిపోతారు.

ధర్మరాజు కుక్క కథ మనందరికీ వచ్చు. స్వర్గం గుమ్మం దాకా వెంట వచ్చిన కుక్కను వదిలేసి లోపలికి రానన్నాడని ఎంతో గొప్పగా చెప్తాం. అడాప్షన్ ఫామ్ చేతికి రాగానే మాత్రం 'రెండు నెలల పిల్ల ఏమైనా ఉందా అండీ?' అని అడుగుతాం!

మీరు అలా అడగరు. పెద్ద కుక్క గురించి ఇంతదాకా చదివారంటే మీ మనసు ఇప్పటికే అటు తిరిగింది. ఇక కావాల్సింది ప్లానింగ్.

ఒక మాట ముందే గట్టిగా చెప్తాను. ముసలి కుక్కను తెచ్చుకోవడానికి పెద్ద మనసు అక్కర్లేదు. టైమ్‌టేబుల్ ఉంటే చాలు. జాలి మొదటి వారం బాగానే పనిచేస్తుంది. రెండో వారం హాల్లో తివాచీ తడిసినప్పుడు జాలి పోయి విసుగొస్తుంది. టైమ్‌టేబుల్ ఉన్న మనిషికి విసుక్కునే తీరిక ఉండదు. గుడ్డ తెచ్చి తుడిచేసి, రేపటి వాకింగ్‌ని అరగంట ముందుకు జరుపుతాడు. అంతే తేడా. ఆ తేడా ఎవరైనా నేర్చుకోగలరు.

మీ బుర్రలో ఉన్న మూడు 'కానీ'లు

'కానీ, దాన్ని ఎందుకు వదిలేసి ఉంటారు? ఏదో లోపం ఉండే ఉంటుంది.'

లోపం చాలాసార్లు మనుషుల పరిస్థితుల్లో ఉంటుంది. కొడుకు అమెరికా వెళ్లాడు, పెద్దవాళ్లు అపార్ట్‌మెంట్‌కి మారారు, కుక్క మిగిలిపోయింది. ఇంటి పెద్ద పోయాడు, చూసుకునే దిక్కు లేదు. టీవీ యాడ్‌లో చూసి పగ్‌ని, సినిమాలో చూసి హస్కీని కొన్నారు, మోజు తీరింది. పెంపుడు జంతువును రోడ్డు మీద వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అయినా షెల్టర్ గేటు ముందు కట్టేసి వెళ్లిపోయేవాళ్లున్నారు. ఇక వీధిలో బండి కింద పడి, కాలు విరిగి, నయమయ్యాక వెనక్కి పంపలేక షెల్టర్‌లోనే ఉండిపోయిన దేశీ కుక్కలు మరో రకం. కుక్క తప్పు చేస్తే జైల్లో వేసినట్టు ఊహించుకోకండి.

'కానీ, ఎన్నాళ్లు బతుకుతుంది?'

ముందు లెక్క సరిచేసుకోండి. కుక్కకు ఒక ఏడాది అంటే మనకు ఏడేళ్లు అన్నది పాత లెక్క. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో శాస్త్రవేత్తలు లాబ్రడార్ల డీఎన్‌ఏలో వయసుతో పాటు వచ్చే మార్పులు చూసి, 2020లో వేరే లెక్క కట్టారు. దాని ప్రకారం కుక్క మొదటి ఏడాదిలోనే గబగబా పెద్దదైపోతుంది. తర్వాత నెమ్మదిస్తుంది. ఎనిమిదేళ్ల లాబ్రడార్ అంటే దాదాపు 64 ఏళ్ల మనిషి. ఎనిమిది నుంచి పదికి వచ్చినా పెరిగేది నాలుగేళ్లే.

మీ వీధిలో 64 ఏళ్ల బాబాయిలు ఎంతమంది పొద్దున్నే పార్కులో చుట్లు కొడుతున్నారో చూడండి. సైజు కూడా లెక్కలోకి వస్తుంది. గ్రేట్ డేన్ ఆరేళ్లకే ముసలిదైపోతుంది. పొమేరియన్ ఎనిమిదేళ్లకీ ఇల్లంతా పరుగులు పెడుతుంది. 'సీనియర్' అన్న మాట వినగానే ఆస్పత్రి బెడ్ ఊహించుకోవడం మానేయండి.

'కానీ, ఈ వయసులో కొత్త ఇంటికి అలవాటు పడుతుందా?'

పడుతుంది. నిజానికి కుక్కపిల్ల కంటే సులువుగా. కుక్కపిల్ల ఎలా తయారవుతుందో ఎవరికీ తెలియదు. ఎంత సైజు పెరుగుతుందో, పిల్లలతో ఎలా ఉంటుందో, ఎంత మొరుగుతుందో అన్నీ ఊహలే. పళ్లొచ్చే నెలల్లో మీ చెప్పులు, చార్జర్ వైర్లు, సోఫా కాళ్లు దానివే. తొమ్మిదేళ్ల కుక్క పెరిగేదంతా పెరిగేసింది, దాని స్వభావమేంటో చాలావరకు మీ కళ్లముందే ఉంటుంది. ఆఫీసుకి వెళ్లే మనిషికి, రిటైరైన దంపతులకి ఇంతకంటే మంచి మ్యాచ్ లేదు. ఈ మాట నేను ఎవరితోనైనా వాదించడానికి రెడీ.

శాన్‌ఫ్రాన్సిస్కోలో షెర్రీ ఫ్రాంక్లిన్ అనే ఆవిడ ఈ నమ్మకంతోనే 2007లో మట్‌విల్ అనే సంస్థ పెట్టారు. అక్కడ ఏడేళ్లు, ఆపైన వయసున్న కుక్కలకే ఇళ్లు వెతుకుతారు. మనకేం తక్కువ? హైదరాబాద్‌లో అమల, నాగార్జున 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఉంది. విశాఖలో 1996 నుంచి వీఎస్‌పీసీఏ ఉంది. మీ ఊళ్లో ఏది దగ్గరైతే అక్కడికి వెళ్లండి.

షెల్టర్‌లో నోరు తెరిచి అడగండి

మొహమాటం వద్దు. పెళ్లిసంబంధానికి వెళ్లి కాఫీ తాగి వచ్చేసినట్టు చేయకండి. రోజూ దానికి తిండి పెట్టే మనిషిని వెతికి పట్టుకోండి. ఆఫీసులో కూర్చున్నవాళ్ల కంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

- తిండి గిన్నె దగ్గరికి వేరే కుక్క వస్తే ఏం చేస్తుంది?
- చిన్నపిల్లలు, పిల్లులు కనిపిస్తే?
- పడుకుని లేచేటప్పుడు కుంటుతోందా? ఎంతసేపటికి సర్దుకుంటుంది?
- రక్తపరీక్ష ఎప్పుడు చేశారు? టిక్ ఫీవర్ వచ్చిందా?
- రేబిస్ టీకా, స్టెరిలైజేషన్ కాగితాలు ఉన్నాయా?

తర్వాత బెల్ట్ వేసి మీరే కాసేపు నడిపించండి. ఒకరోజు కాదు, వీలైతే రెండు వేర్వేరు రోజులు. కళ్లలో నీలంగా మసక కనిపిస్తే కంగారుపడొద్దు. వయసుతో కంటి లోపలి కటకం గట్టిపడితే అలా కనిపిస్తుంది, చూపు చాలావరకు బాగానే ఉంటుంది. తెల్లగా పొరలా ఉంటే అది శుక్లం కావచ్చు. ఏదైనా సరే వెట్‌కి చూపించండి.

మొదటి మూడు నెలలు: అసలు గేమ్ ఇక్కడే

షెల్టర్లలో 3-3-3 అని ఒక లెక్క చెప్తారు. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ మీ అంచనాల్ని నేల మీద ఉంచుతుంది.

మొదటి మూడు రోజులు అది సరిగా తినకపోవచ్చు. మంచం కిందికి దూరి రాకపోవచ్చు. మీరేమో 'నన్ను ఇష్టపడట్లేదు' అని డల్ అయిపోతారు. ఆపండి! హాస్టల్‌లో కొత్తగా దింపిన పిల్లాడు తొలిరోజే కబుర్లు చెప్తాడా? ఒక మూల దాని చోటు చూపించండి. నీళ్లు పెట్టండి. వదిలేయండి. చుట్టాల్ని పిలిచి చూపించే ప్రోగ్రాం వాయిదా వేయండి. స్నానం కూడా తర్వాతే. రెండో రోజు కూడా తిండి అసలు ముట్టకపోయినా, నీళ్లు తాగకపోయినా, వాంతులైనా మాత్రం వెయిట్ చేయొద్దు. వెట్‌కి ఫోన్ కొట్టండి.

మూడు వారాల్లో మీ రొటీన్ దానికి అర్థమవుతుంది. అంటే, మీకో రొటీన్ ఉండాలి కదా! ఇక్కడే చాలామంది దొరికిపోతారు. పొద్దున ఆరింటికి బయటికి, ఎనిమిదింటికి తిండి, సాయంత్రం మళ్లీ అదే వరస. శనివారమైనా, ఐపీఎల్ ఫైనలైనా మారదు. ముసలి కుక్క ఎక్కువసేపు ఆపుకోలేదు. అందుకని పడుకునే ముందు ఒకసారి బయటికి తీసుకెళ్లడం కూడా రాసిపెట్టుకోండి. తిడితే ఏమీ నేర్చుకోదు, మీకు దూరంగా ఉండటం తప్ప. సరైన చోట పని కానిచ్చిన వెంటనే చిన్న చికెన్ ముక్క ఇవ్వండి. వెంటనే అంటే వెంటనే. ఇంటికొచ్చాక ఇస్తే దేనికిచ్చారో దానికి తెలియదు.

మూడు నెలలకి అది మీ ఇంటిది. ఈలోపు ఒక్కోసారి ఒక అడుగు వెనక్కి పడుతుంది. పడనివ్వండి.

చెవులు వినపడని కుక్క అయితే చేతి సైగలు నేర్పండి. రోజుకి రెండు మూడుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు చాలు. నిద్రలో ఉన్నప్పుడు వెనక నుంచి ముట్టుకోవద్దు. నేల మీద కాలితో చిన్నగా తట్టండి, ఆ అదురుకి అదే లేస్తుంది. పిల్లలకి ఈ రూల్ మొదటిరోజే చెప్పండి: తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు కుక్క జోలికి వెళ్లకూడదు. నో ఎక్సెప్షన్స్!

ఇల్లు సర్దుకోండి

మన ఇళ్లలో ముసలి కుక్కకి మొదటి శత్రువు మనం గర్వంగా వేయించుకున్న నున్నటి టైల్స్. కీళ్లనొప్పులున్న కుక్క వాటి మీద జారుతుంది. ఒకసారి జారితే భయం పట్టుకుని కదలడమే మానేస్తుంది. దాని చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, గుమ్మం దాకా పాత కార్పెట్ ముక్కలో, రబ్బరు మ్యాట్లో పరవండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

పాత తిండి నుంచి కొత్త తిండికి ఒక వారం పాటు కొంచెం కొంచెంగా మార్చండి. మనం తినే పులుసులు, కూరలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి ప్రమాదం. ఉడికిన కోడి ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. 'మా చిన్నప్పుడు అన్నీ పెట్టేవాళ్లం' అనే పెద్దమ్మకి నవ్వుతూనే నో చెప్పండి. మరీ ముఖ్యంగా, కుంటుతోంది కదా అని మీ డబ్బాలోని నొప్పి మాత్రలు వేయొద్దు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కల్ని చంపగలవు.

వేసవిలో రోడ్డు మీద అరచెయ్యి వెనకవైపు ఆనించి చూడండి. అయిదారు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. నడక పొద్దున్నే, లేదా బాగా చీకటి పడ్డాక. దూరం తగ్గినా ఫర్వాలేదు. ప్రతి చెట్టునీ వాసన చూడనివ్వండి, దానికి అదే పేపర్ చదవడం. మీరు ఫోన్ జేబులో పెట్టుకుంటే మీకూ ఓ ఇరవై నిమిషాలు మిగులుతాయి.

దీపావళికి ముందే కిటికీలు లేని గదో, లోపలి మూలో చూసిపెట్టండి. టపాసులకి బెదిరి పారిపోయిన కుక్క తిరిగి దొరకడం కష్టం. బెల్ట్‌కి మీ ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల మొదటిరోజు నుంచే ఉండాలి.

డబ్బు, అసోసియేషన్, ఆ కష్టమైన మాట

నెలనెలా కుక్క పేరుతో కొంత పక్కన పెట్టండి. మొదటి వారంలోనే రక్తపరీక్ష, కిడ్నీ, లివర్ పరీక్షలు, పళ్ల చెకప్ చేయించండి. నోటి దుర్వాసన వయసు వల్ల వచ్చేది కాదు, పళ్లు పాడవుతున్నాయని గుర్తు. ఆరు నెలలకోసారి వెట్ దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకోండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు అడ్డుకుంటే గొడవకి దిగకండి. పెంపుడు కుక్కల్ని పూర్తిగా నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలున్నాయి. ప్రింటవుట్ తీసుకెళ్లి మర్యాదగా ఇవ్వండి. మీ వైపు నుంచి మీరు లీష్, టీకా సర్టిఫికెట్, మలం ఎత్తేసే కవర్ మర్చిపోవద్దు. హక్కులు మాట్లాడేవాడి చేతిలో కవర్ ఉంటే సగం గొడవ అక్కడే ఆగుతుంది.

ఇక చావు గురించి. దాటవేయకండి. దాని చివరి రోజులు మీ దగ్గరే గడుస్తాయని తెలిసే తెచ్చుకుంటున్నారు. ఏమేం దానికి ఇష్టమో ఇప్పుడే నాలుగు రాసుకోండి: తిండి, ఎండలో పడుకోవడం, గేటు దగ్గర ఎదురుచూడటం, ఏదైనా. ఆరోగ్యం తగ్గాక రోజూ కేలండర్‌లో మంచి రోజుకో గుర్తు, చెడ్డ రోజుకో గుర్తు పెట్టండి. చెడ్డ రోజులు ఎక్కువైనప్పుడు డాక్టర్‌తో మాట్లాడటానికి ఆ కాగితం మీ కన్నీళ్ల కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పటికిప్పుడు తెచ్చుకునే వీలు లేదా? ఫోస్టర్ చేయండి. ఇల్లు దొరికేదాకా కొన్ని వారాలు మీ ఇంట్లో ఉంచండి. అదీ కుదరకపోతే వారానికోసారి వెళ్లి ఒక పెద్ద కుక్కను నడిపించి రండి, ఒక్కదాన్నే, ప్రతివారం దాన్నే.

కుదిరినవాళ్లు ఈరోజే షెల్టర్‌కి ఫోన్ చేసి టైమ్ అడగండి. తీసుకొచ్చే రోజు ఆటో వద్దు, కారు మాట్లాడుకోండి. వెనక సీట్లో పాత దుప్పటి పరవండి. బయల్దేరే ముందు దానికి కడుపునిండా పెట్టొద్దని అక్కడివాళ్లకి ముందే చెప్పండి, దారిలో వాంతి చేసుకోవచ్చు.