అత్తయ్యకు రక్తం పట్టకపోతే తప్పు నాదేనట!

సమస్య: మాది గురజాల దగ్గర పల్లె. మా అత్తయ్యకు 53 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి గుంటూరులో కీమో జరుగుతోంది. నాలుగు అయ్యాయి. ఐదోదానికి వెళ్తే హిమోగ్లోబిన్ 7.6 ఉందని వాయిదా వేసి, రక్తం ఎక్కించాలన్నారు. మిరప కల్లంలో పొద్దుగూకేదాకా తాలుకాయలు ఏరిన మనిషి ఇప్పుడు బాత్‌రూమ్ దాకా వెళ్లొస్తే చాలు, ఆయాసంతో మంచం మీద కూలబడుతోంది. రోజూ బీట్‌రూట్ రసం, దానిమ్మ, ఖర్జూరం ఇస్తూనే ఉన్నాను. “నువ్వు సరిగ్గా పెడితే రక్తం ఎందుకు పట్టదు?” అని మా ఆడపడుచు నలుగురిలో అనేసింది. పడుకునే కొద్దీ నీరసం వస్తుందని మామయ్య విసుక్కుంటారు. రక్తం ఎక్కించారంటే ఇక ఆఖరి దశేనని ఇరుగుపొరుగు అనడంతో అత్తయ్య వద్దని మొండికేస్తోంది. మా ఆయనేమో తన రక్తమే అమ్మకు ఎక్కించమంటున్నారు. మందుల షాపులో ఐరన్ టానిక్ కూడా తెచ్చారు. వాడొచ్చా?
– ఓ కోడలు

సలహా: ముందు మీ ఆడపడుచు మాట సంగతి చూద్దాం. మీ అత్తయ్యకు రక్తం తగ్గడానికి మీ వంట కారణం కాదమ్మా. ఎర్రకణాలు తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. ఒక్కో కణం బతికేది దాదాపు 120 రోజులు. పాతవి పోతుంటే కొత్తవి పుడుతూ ఉండాలి. వేగంగా విభజన చెందే కణాలను దెబ్బకొట్టడమే కీమో పని. దానికి క్యాన్సర్ కణమేదో, మూలుగ కణమేదో తెలియదు. పైగా జబ్బు వల్ల వచ్చే వాపు గుణంతో శరీరం ఇనుమును నిల్వల్లోనే బిగబట్టేస్తుంది. గాదెలో ధాన్యం ఉన్నా తాళం చెవి దొరకని ఇల్లు లాంటిది ఆ పరిస్థితి. అలాంటప్పుడు మీరెన్ని గ్లాసుల రసం పోసినా ఏం లాభం? అసలు 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆ రంగు చూసి అందరం నమ్మేశాం, అంతే. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో పచ్చి రసాలతో ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంది.

ఐరన్ టానిక్ మూత తీయకండి. ఫెర్రిటిన్, బి12, కిడ్నీ పరీక్షలు చేశారా, ఎక్కడైనా రక్తం పోతోందా అని డాక్టర్‌ని అడగండి. ఇనుము నిజంగా తక్కువైతే మాత్రలా, సెలైన్‌లోనా అన్నది ఆయనే చెబుతారు. రక్తం పెంచే ఖరీదైన ఇంజెక్షన్ ఒకటి ఉందని ఎవరైనా చెబితే దానికోసం పట్టుబట్టకండి. దానివల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. జబ్బు పూర్తిగా నయం చేయాలని కీమో ఇస్తున్నప్పుడు మామూలుగా దాన్ని వాడరు.

రక్తం ఎక్కించడం ఆఖరి దశకు గుర్తు కాదు. హిమోగ్లోబిన్ 7, 8 మధ్యకు జారి ఆయాసం ఉంటే, కీమో ఆగిపోకుండా ఉండేందుకే సాధారణంగా ఎక్కిస్తారు. ఒక యూనిట్‌కి సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. ఎక్కేటప్పుడు చలి, జ్వరం, దురద అనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పమనండి. ఈ మాటలు మీరు చెబితే అత్తయ్య నమ్మకపోవచ్చు, డాక్టర్ చేతే చెప్పించండి.

మీ ఆయన ప్రేమ గొప్పదే. కానీ కొడుకు రక్తం తల్లికి నేరుగా ఎక్కించకపోవడమే మంచిది. ఇద్దరి కణాలకూ పోలిక దగ్గర కాబట్టి, కొడుకు తెల్లకణాలు తల్లి ఒంట్లో తిష్టవేసి ఆమె మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే ప్రాణాంతకం. రేడియేషన్‌తో శుద్ధి చేసిన రక్తమైతే ఆ భయం ఉండదు. ఆయన్ని బ్లడ్ బ్యాంక్‌లో ఇవ్వమనండి, అది మరొకరికి పనికొస్తుంది, అత్తయ్యకు వేరే యూనిట్ ఇస్తారు. డబ్బిస్తే మనిషిని తెస్తామనేవాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వకండి. రక్తం అమ్మకం దేశంలో 1998 జనవరి 1 నుంచే నిషేధం.

తిండి విషయానికొస్తే, నోరు పూసిందేమో చూడండి. పూస్తే మన పల్నాడు కారం కొన్నాళ్లు పక్కన పెట్టి, పప్పు, బాగా ఉడికిన గుడ్డు, మేక కార్జం, నిమ్మరసం పిండిన ఆకుకూర పెట్టండి. తిన్న వెంటనే టీ వద్దు. ఇది ఆమె బలానికి, హిమోగ్లోబిన్ లెక్క కోసం కాదు.

మామయ్య మాటలో సగం నిజం ఉంది. ఓపికున్న పూట వాకిట్లో నాలుగడుగులు వేస్తే మంచిదే. కానీ ఆయాసం వచ్చిందంటే అది బద్ధకం కాదు, ఒంటికి ప్రాణవాయువు చాలడం లేదని. కూర్చున్నా ఊపిరి అందకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, మలం నల్లగా వచ్చినా, జ్వరం 100.4 దాటినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

మరొక మాట. కీమోకి రెండు రోజుల ముందు పిడుగురాళ్లలోనో నరసరావుపేటలోనో రక్తపరీక్ష చేయించి, రిపోర్టు ఫోన్‌లో పంపితే సరిపోతుందేమో ఆసుపత్రిలో అడగండి. ఒప్పుకుంటే, గురజాల నుంచి గుంటూరు దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చే బాధ తప్పుతుంది. ఈసారి అత్తయ్య వెంట మీ ఆడపడుచును పంపండి. రక్తం ఎందుకు పట్టడం లేదో డాక్టర్‌ని ఆవిడే అడుగుతుంది, ఆ పూటకి మీకూ కాస్త విశ్రాంతి.