విగ్రహం ఆర్డరిచ్చేది అధికారమైతే

తెనాలి శిల్పశాలల ముందు ఆరబెట్టిన విగ్రహాలను బట్టి రాష్ట్రంలో గాలి ఎటు మళ్లిందో చెప్పేయొచ్చు. ఒక ఐదేళ్లు ఒక పార్టీ నాయకుల ముఖాలు, ఆ తర్వాత ఐదేళ్లు ఇంకో పార్టీవి. గాంధీ, అంబేద్కర్ మాత్రం ఎప్పుడూ ఉంటారు. ఆ ఊళ్లోనే కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర అనే తండ్రీకొడుకులు తుక్కు ఇనుముతో గాంధీని, 14 అడుగుల మోదీని నిలబెట్టి దేశమంతా చెప్పుకునేలా చేశారు. పడమటికి వెళ్తే మాచర్ల దగ్గర దుర్గిలో రాతి శిల్పులు, దక్షిణానికి వెళ్తే చీమకుర్తిలో ప్రపంచమంతా కొనే గెలాక్సీ గ్రానైట్. పత్తి, మిరప తప్ప ఈ నేలలో ఇంకేముంది అనుకునేవాళ్లకు తెలియని బతుకుతెరువు ఇది.

ఈ పనిలోకి ఇప్పుడు వస్తున్న కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఉలి పట్టడం నేర్పే గురువులున్నారు. అధికారంలో ఉన్నవాళ్లతో ఎలా మసలుకోవాలో నేర్పేవాళ్లు తక్కువ. పెద్ద విగ్రహానికి డబ్బు పెట్టేది ఎక్కువగా ప్రభుత్వమో, పార్టీయో, వాటి చుట్టూ తిరిగే మనుషులో కాబట్టి ఈ సంగతి కూడా పనితనమంత శ్రద్ధగా నేర్చుకోవాలి. నా సలహా మొత్తం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఏలేవాళ్లకు పని చేయండి, కానీ మీ బతుకంతా వాళ్ల ఆర్డర్ల మీదే పెట్టుకోవద్దు.

ఎందుకో చెప్పడానికి కాస్త దూరం వెళ్లాలి. 1949లో చెకొస్లొవాకియా కమ్యూనిస్టు ప్రభుత్వం స్టాలిన్ స్మారకానికి పోటీ పెట్టింది. పేరున్న శిల్పులు పాల్గొనక తప్పని పోటీ అది. ఓటకార్ ష్వెట్స్ నమూనా గెలిచింది. ప్రాగ్ నగరంలో నది పక్కన లెట్నా గుట్ట మీద, పదిహేనున్నర మీటర్ల ఎత్తున, స్టాలిన్ వెనక జనం బారులు తీరినట్టు ఆ రాతి గుంపు లేచింది. దారిపొడవునా పార్టీ పెద్దల సవరణలు, ఒత్తిళ్లు. 1955 మే 1న ఆవిష్కరణ జరిగింది. దానికి కొద్ది వారాల ముందే ష్వెట్స్ ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి ఏడాదే మాస్కోలో స్టాలిన్ తప్పుల చిట్టా విప్పారు. 1962లో ఆ విగ్రహాన్ని పేలుడు మందు పెట్టి కూల్చేశారు. చేసిన మనిషీ మిగల్లేదు, చేసిన పనీ మిగల్లేదు.

అదే 1962 డిసెంబరులో మాస్కోలో ఇంకో సంగతి జరిగింది. మనేజ్ హాల్లో ఒక ప్రదర్శనకు వచ్చిన సోవియట్ నేత కృశ్చేవ్ అక్కడి కొత్త తరహా బొమ్మలను, శిల్పాలను చూసి మండిపడ్డాడు. శిల్పి ఎర్న్‌స్ట్ నైజ్‌వెస్త్‌నీ తలవంచకుండా ఎదురు మాట్లాడాడు. తర్వాత చాలా ఇబ్బందులే పడ్డాడు. 1964లో కృశ్చేవ్ పదవి పోయింది, 1971లో ప్రాణం పోయింది. సమాధి శిల్పం కోసం ఆయన కుటుంబం వెతుక్కుంటూ వెళ్లింది ఆ నైజ్‌వెస్త్‌నీ దగ్గరికే. తెలుపు, నలుపు రాళ్లు ఒకదాన్నొకటి పెనవేసుకున్న ఆ సమాధి మాస్కోలో ఇప్పటికీ ఉంది. నైజ్‌వెస్త్‌నీ 1976లో దేశం విడిచి వెళ్లిపోయాడు. ధైర్యం ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని నేను అనను. చెప్పుకోదగ్గ విషయం ఏమిటంటే, ఆయన పనికి పాలకుడి మెప్పుతో సంబంధం లేని విలువ ఒకటి ఉంది. తిట్టిన మనిషి ఇంటివాళ్లే దాన్ని గుర్తించారు.

అవన్నీ నియంతల దేశాలు, మనకేమిటి అనొచ్చు. మనకూ 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎమర్జెన్సీ నడిచింది. అంత దూరం వెళ్లకపోయినా, ఓట్లతో గెలిచిన ప్రభుత్వాలు మారినప్పుడు విగ్రహాలకు ఏమవుతుందో మన కళ్లముందే ఉంది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఎన్టీఆర్ ప్రభుత్వం నిలబెట్టిన తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో చాలావాటిని 2011 మార్చి 10న ఉద్యమకారులు కూల్చారు, తర్వాత మళ్లీ నిలబెట్టారు. విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని 2024 జనవరి 19న ఆవిష్కరించారు. ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. ఆగస్టులో ఒక రాత్రి అక్కడి మాజీ ముఖ్యమంత్రి పేరు అక్షరాలను పీకేశారు. తెలంగాణ తల్లి రూపమే మారి 2024 డిసెంబరు 9న సచివాలయంలో కొత్తగా నిలబడింది. వీటిలో ఏది ఒప్పు, ఏది తప్పు అన్న వాదనలోకి నేను పోను. కానీ ప్రతి మార్పు వెనకా మట్టి పిసికిన చేతులు, పోత పోసిన చేతులు ఉన్నాయి. వాళ్ల కూలి, వాళ్ల పేరు ఏమయ్యాయని అడిగేవాళ్లు మాత్రం కనబడరు.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి కథ తెలిసిందే. గణపతి స్థపతి ఆధ్వర్యంలో 1985లో పని మొదలైంది. 1989 చివర్లో ప్రభుత్వం మారింది. 1990 మార్చిలో ఒడ్డు నుంచి తీసుకెళ్తుండగా విగ్రహం నీళ్లలో పడిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో కానీ దిమ్మె మీద నిలబడలేదు. ఆ మధ్యలో ముఖ్యమంత్రి కుర్చీలో నలుగురు కూర్చున్నారు. పెద్ద ఆర్డరు వచ్చిందని సంబరపడే ముందు ఈ లెక్క వేసుకోండి. పని మొదలుపెట్టించినవాళ్లే చివరి బిల్లు మీద సంతకం పెడతారన్న భరోసా లేదు.

పూర్వం ఈ నేల మీదే ఇంకో రకం శిల్పి జీవితం ఉండేది. అమరావతి స్తూపానికి రాళ్లు దానం చేసినవాళ్ల పేర్లు ఆ రాళ్ల మీదే ఉన్నాయి. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు ఉన్నారు. పూర్ణకుంభం చెక్కిన ఒక పలకను ఇచ్చినవాడు విధికుడనే తోలుపనివాడు. రాజు ఒక్కడి ఖజానా మీద బతికిన శిల్పశాల కాదది. శాతవాహన వంశం అంతరించాక కూడా కృష్ణ ఒడ్డున ఆ ఉలి చప్పుడు ఆగలేదు. నది అవతల జగ్గయ్యపేట స్తూపంలో దొరికిన శాసనం నాకు ఇంకా ఇష్టం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, కమ్మకరథంలో, అంటే ఈ గుంటూరు, ప్రకాశం మైదానంలో, నివాసముండే సిద్ధత్థుడనే శిల్పి ఆ స్తూపానికి ఐదు ఆయక స్తంభాలు దానం చేశాడు. తన పేరు, తన తండ్రి నాకచంద పేరు, ఊరి పేరు అన్నీ రాయించాడు. రాజు పేరు అందులో తేదీ చెప్పడానికి ఉంది, శిల్పి పేరు దాతగా ఉంది. పదిహేడు వందల ఏళ్ల నాటి మన వృత్తివాడు తన పని మీద తన పేరు చెక్కుకున్నాడు. మీరూ చెక్కుకోండి. పీఠం కింది అంచున పేరు, ఊరు, సంవత్సరం, పోతలోనే వచ్చేలా. పైన రంగుతో రాస్తే రెండు వానలకు పోతుంది.

సిద్ధత్థుడికి పూర్తిగా అవతలి కొస ఉత్తర కొరియాలో ఉంది. 1959లో ప్యోంగ్యాంగ్‌లో పెట్టిన మాన్సుడే స్టూడియోలో శిల్పులు ప్రభుత్వ జీతగాళ్లు. ఆఫ్రికా దేశాలకూ భారీ స్మారకాలు చేసి పంపారు. పేరు స్టూడియోది, డబ్బు ప్రభుత్వానిది. 2016లో ఉత్తర కొరియా విగ్రహాలు కొనకూడదని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానించింది. గొప్ప పనితనం ఉన్న చేతులకు బయటి మార్కెట్టు మూసుకుపోయింది, అందులో ఆ శిల్పుల తప్పేమీ లేదు.

ఇక మీ షెడ్డు సంగతి. ముందు గత రెండేళ్ల ఆర్డర్ల పుస్తకం తీయండి. ఒకే పార్టీ మనుషుల నుంచి వచ్చింది మొత్తంలో మూడో వంతు దాటితే జాగ్రత్త పడాల్సిందేనని నా అభిప్రాయం. మిగతా పని ఎక్కడుంది అంటారా? మిర్చి డబ్బు చేతికొచ్చిన ఊళ్లలో వేసవిలో బొడ్రాయి, ధ్వజస్తంభం ప్రతిష్ఠలు జరుగుతాయి. పొలం గట్టున తండ్రి విగ్రహం పెట్టుకునే రైతులున్నారు. ఒంగోలు గిత్త బొమ్మకు గిరాకీ ఉన్న జిల్లాలివి. అమరావతి పలకల నకళ్లు చేయగలిగితే హోటళ్లు, ఆఫీసులు, విదేశాల్లో ఉన్న మనవాళ్లు కొంటారు. ఇవి ఒక్కొక్కటి చిన్న ఆర్డర్లే. అయితే ఎన్నికల ఫలితాల రోజున ఒక్కసారే ఆగిపోయేవి కావు. షెడ్డు గోడకు ఒకే నాయకుడితో దిగిన ఫొటోలు కూడా తగిలించొద్దు. ఆ ఫొటో చూసి వచ్చేవాళ్లకన్నా చూసి వెనక్కి పోయేవాళ్లు ఎక్కువ కావచ్చు.

రాత లేకుండా మట్టి తడపొద్దు. ఆర్డరిచ్చేది ఎవరు, వ్యక్తా, కమిటీయా, శాఖా అన్నది కాగితం మీద ఉండాలి. శాఖ అయితే వర్క్ ఆర్డరు నంబరు, నిధులు ఏ పద్దు కింద మంజూరయ్యాయో అడగండి. డబ్బు మూడు విడతలుగా తీసుకోవడం మంచిది. ఆర్డరు రోజున కొంత, మట్టి నమూనాను కుటుంబమో కమిటీయో చూసి సంతకం పెట్టిన రోజున కొంత, మిగతాది విగ్రహం షెడ్డు దాటే ముందు. ఆవిష్కరణ తేదీకి డబ్బును ఎప్పుడూ ముడిపెట్టొద్దు. మంత్రి తేదీ ఇవ్వకపోతే, ఎన్నికల కోడ్ వచ్చి ముసుగు కప్పితే, ఆ నష్టం మీది కాకూడదు. స్థలానికి అనుమతి తెచ్చుకునే బాధ్యత ఆర్డరిచ్చినవాళ్లదేనని రాయించండి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతులివ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. రాత్రికి రాత్రి కూడలిలో పెట్టేద్దాం రమ్మంటే వెళ్లకండి.

విగ్రహం తయారీకి ఒక బిల్లు, దిమ్మె కట్టే సివిల్ పనికి వేరే బిల్లు వేయండి. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకుంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు అప్పగించాక 45 రోజుల్లోపు డబ్బు అందాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ. ప్రభుత్వ శాఖల మీద కూడా ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. చందాలతో నడిచే ఊరి కమిటీ దగ్గర ఈ దారి కష్టం, అక్కడ ముందు తీసుకున్న డబ్బే రక్షణ. చిన్న పెట్టుబడికి పీఎం విశ్వకర్మ పథకంలో శిల్పులూ ఉన్నారు. మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. పెట్టుబడి కోసం నాయకుడి చుట్టూ తిరగడం కన్నా ఇది గౌరవంగా ఉంటుంది.

హక్కుల గురించి చాలామంది శిల్పులకు తెలియని సంగతి ఒకటుంది. మీరు ఉద్యోగి కాకపోతే, డబ్బు తీసుకుని చేసిన శిల్పం మీద కూడా కాపీరైటు మొదట మీదే. ప్రభుత్వ ఆదేశంతో చేసిన పని అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు అది ప్రభుత్వానికి పోతుంది. అందుకే ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి: కాపీరైటు, అచ్చులు శిల్పివే అని. కాపీరైటు ఇచ్చేసినా సరే, 1957 చట్టం 57వ సెక్షన్ కింద ఆ పని మీదని చెప్పుకునే హక్కు, దాన్ని మీ పరువు పోయేలా పాడుచేస్తే అడిగే హక్కు మీ దగ్గరే ఉంటాయి. ఇది కాగితం మీది మాటే కాదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన 140 అడుగుల కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండా పీకేసి గోదాములో పడేశారు. ఆయన కేంద్ర ప్రభుత్వం మీదే దావా వేశాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇమ్మంది, 5 లక్షల పరిహారం ఇప్పించింది. ఇన్నేళ్లకా అని నిట్టూర్చకండి, ఆ తీర్పు ఇప్పుడు మీ చేతిలో ఆయుధం. ప్రతి దశలో ఫొటోలు తీసి తేదీలతో రెండు చోట్ల దాచుకుంటేనే అది పనికొస్తుంది.

ఫొటోల అవసరం ఇంకో వైపు నుంచి కూడా ఉంది. చైనాలో గావ్ జెన్ అనే శిల్పిని 2024 ఆగస్టులో నిర్బంధించారు. కారణం మావో మీద చాలా ఏళ్ల కిందట చేసిన శిల్పాలు, వాడినది ఆ శిల్పాల తర్వాత వచ్చిన చట్టం. ఎప్పుడు, ఎవరి కోసం, ఏ నమూనా ఆమోదంతో చేశారన్న రికార్డు ఉండటం ఎక్కడైనా మంచిదే.

కొన్ని పనులకు ఒప్పుకోకూడదు. ఒకరి విగ్రహం తల తీసి ఇంకొకరి తల పెట్టమంటారు. తోటి శిల్పి పేరు చెరిపేయమంటారు. ఒక కులాన్నో మతాన్నో కించపరిచే బొమ్మ అడుగుతారు. మీ చేయి ఏది చేయదో ఆర్డరు రాకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. కాదనడమైతే అడ్వాన్సు ముట్టకముందే, మొదటి మాటలోనే, మర్యాదగా, "అయ్యా, ఇది మా షెడ్డులో చేయమండీ" అని చెప్పేయండి. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చి కాదనడం చాలా కష్టం. ఒంటరిగా కాదంటే మీరొక్కరే కనబడతారు, ఆ పని పక్క షెడ్డుకు పోతుంది. కాబట్టి ఊళ్లోని శిల్పులంతా కలిసి ఈ రెండు మూడు విషయాల్లో ఒక మాట మీద ఉండటం మేలు. ధరల విషయంలో పోటీ పడండి, ఇందులో పడొద్దు.

చివరిగా, ఓడిపోయిన పార్టీ వాళ్లు తీసుకెళ్లని విగ్రహాలు. పెద్ద షెడ్డుల్లో ఇవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. ఎంత కాలంలో తీసుకెళ్లాలో, తీసుకెళ్లకపోతే అడ్వాన్సు ఏమవుతుందో, విగ్రహాన్ని మీరేం చేయొచ్చో ఆర్డరు కాగితంలోనే రాయించండి. గడువు దాటితే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచండి. కంచు అయితే కరిగించొచ్చు. ఫైబర్ అయితే ముఖం పగలగొట్టి రోడ్డు పక్కన పారేయకండి, ఆ ఫొటో ఒక్కటి చాలు ఊళ్లో గొడవ లేవడానికి. గుడ్డ కప్పి లోపల గదిలో పెట్టండి. అచ్చు మాత్రం జాగ్రత్తగా దాచండి. వచ్చే ఎన్నికల తర్వాత అదే ముఖం కోసం ఎవరైనా రావచ్చు.