స్క్రూడ్రైవర్ కన్నా ముందు టార్చిలైటు

ప్రశ్న: మా 19 అంగుళాల మానిటర్ పాతది. కొన్నాళ్లుగా వెలుతురు తగ్గిపోయింది. పొద్దున ఆన్ చేయగానే తెర ఎర్రగా కనిపించి, కాసేపటికి తెల్లబడుతుంది. షాపులో 'ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి' అన్నారు. వీడియోలు చూసి నేనే బాగుచేద్దామనుకుంటున్నాను. మా ఆవిడ వద్దంటోంది. - ఎస్.ఆర్., తెనాలి

జవాబు: షాపతను చెప్పింది తప్పు. మీ ఆవిడ చెప్పింది సగం ఒప్పు.

బొమ్మ తయారయ్యే అద్దం వేరు, దాని వెనక నుంచి వెలుగిచ్చే దీపం వేరు. బొమ్మ స్పష్టంగా ఉండి వెలుతురు మాత్రమే తగ్గితే అద్దానికి ఏమీ కాలేదన్నమాట. 2010కి ముందు వచ్చిన మానిటర్లలో చాలావాటికి ఈ దీపం సీసీఎఫ్ఎల్ ట్యూబే. అగరుబత్తి పుల్లంత సన్నని గాజు గొట్టం, లోపల కాస్త పాదరసం. వేల గంటలు వెలిగాక అది నీరసిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఎర్రగా, వేడెక్కాక తెల్లగా కనిపించడం ముసలి ట్యూబు లక్షణమే. ఈ ఒక్క ముక్క అడిగి ఉంటే షాపతను ప్యానెల్ మాట ఎత్తేవాడు కాదు. ఈ రోజుల్లో రోగం కనుక్కునే ఓపిక ఎవరికీ లేదు. ఏది పోయినా 'మార్చేద్దాం సార్' అనడమే! మీరు కూడా ముందు 'ఏం పోయింది?' అని అడగండి, 'ఎంతవుతుంది?' అని తర్వాత అడగొచ్చు. మార్చిన పాత సామాను చేతికి తీసుకోకుండా డబ్బులివ్వకండి.

ఇక మీ చేతిపని సంగతి. ఈ ట్యూబులకు కరెంటిచ్చే ఇన్వర్టర్ బోర్డు, వెలిగించే క్షణంలో వెయ్యి వోల్టులు దాటిస్తుంది. ప్లగ్గు పీకేసినా పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో మూడొందల వోల్టుల పైచిలుకు నిలవుండొచ్చు. మీటరుతో చూసి, అది సున్నాకు దగ్గరపడ్డాకే చెయ్యి పెట్టాలి. మీటరు లేకపోతే మూత తీయొద్దు, అంతే.

మూత తీశాక చూడాల్సింది ట్యూబులు ఎలా బిగించి ఉన్నాయన్నది. చాలా డెస్క్‌టాప్ మానిటర్లలో అవి పైనా కిందా రేకు పట్టీల్లో ఉంటాయి. అద్దం కదల్చకుండా ఆ పట్టీ పక్కకు జారి వచ్చేట్టయితే ధైర్యంగా దిగండి. కొత్త ట్యూబు పొడవు, లావు పాతదానితో మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోవాలి. ఇప్పుడవి దొరకడం కష్టం. కాబట్టి చాలామంది సొంత డ్రైవర్ బోర్డుతో వచ్చే ఎల్ఈడీ పట్టీల కిట్టు వేస్తున్నారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట అడిగి చూడండి. రంగు కాస్త నీలంగా మారొచ్చు. ఫొటోల పని చేసేవాళ్లకు నచ్చదు, ఉత్తరాలు టైపు చేసుకునేవారికి చాలు.

అద్దం విడదీస్తే తప్ప ట్యూబు రాదంటే అక్కడే ఆగండి. అద్దం అంచున అతికించి ఉండే సన్నని ఫిల్మ్ రిబ్బన్లలో ఒక్కటి చిరిగినా తెర మీద గీత పడుతుంది. దాన్ని టంకంతో అతికించలేం. వెనకున్న పల్చటి షీట్లు వరస తప్పినా, వాటి మధ్య వేలిముద్ర పడినా రోజూ కళ్లెదుటే కనిపిస్తుంది. మీ ఆవిడ మాట ఇక్కడ వినండి.

ప్రశ్న: మానిటర్ ఆన్ చేస్తే రెండు సెకన్లు బొమ్మ వచ్చి నల్లబడుతుంది. పవర్ లైటు వెలుగుతూనే ఉంటుంది. - కె.వి., వరంగల్

జవాబు: చీకటి గదిలో టార్చి ఏటవాలుగా వేసి చూడండి. లోపల బొమ్మ లీలగా కనిపిస్తే అద్దం బతికే ఉంది. ఏదో ఒక ట్యూబు గానీ ఇన్వర్టర్ గానీ మొరాయించడంతో రక్షణ సర్క్యూట్ దీపాన్ని ఆర్పేస్తోంది. బోర్డు మీద నెత్తి ఉబ్బిన కెపాసిటర్లు ఉంటే ముందు వాటిని మార్పించండి. ఖర్చు తక్కువ. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

ప్రశ్న: ఛార్జర్ తీస్తే చాలు, ల్యాప్‌టాప్ తెర మసకబారుతోంది. విప్పించమంటారా? - ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అమ్మా, అది రోగం కాదు, బ్యాటరీ పొదుపు సెట్టింగు!

ప్రశ్న: ల్యాప్‌టాప్ మూత కొంచెం వంచితే వెలుతురు, ఇంకొంచెం వంచితే చీకటి. - పి.ఎస్., కర్నూలు

జవాబు: మడత కీలు దగ్గర కేబుల్ నలిగింది. అది మార్చితే చాలు, తెర మార్చనివ్వకండి.

ప్రశ్న: విప్పుతుంటే ట్యూబు పగిలింది. లోపల పాదరసం ఉంటుందట కదా, భయంగా ఉంది. - ఎం.ఆర్., అనంతపురం

జవాబు: ఉండేది కొద్ది మిల్లీగ్రాములే. కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపండి. చీపురు పట్టొద్దు, వాక్యూమ్ అసలే వద్దు. ముక్కల్ని గట్టి కాగితంతో ఎత్తి, నలకల్ని టేపుతో అద్ది, సీసాలో మూత బిగించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకివ్వండి.

పాఠకులకు ఒక మనవి: 'మా మానిటర్' అని మాత్రమే రాస్తే నేను జవాబు చెప్పలేను. వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు, టార్చి వేస్తే ఏం కనిపించిందో, ఆ రెండూ రాయండి.