శేషాచలం మెట్లదారిలో ఒక రోజు

పిల్లలూ! మన సుపేలా నుంచి మైత్రీ బాగ్‌కు వెళ్తే తెల్లపులి ఎక్కడ ఉంటుందో ముందే తెలుసు. కంచె ఇవతల మనం, అవతల అది. కానీ కొండదారిలో నడిచేటప్పుడు కంచె ఉండదు. అక్కడ మనమే జంతువుల ఇంటికి వెళ్లిన చుట్టాలం. సెలవుల్లో మీలో చాలామంది తిరుపతి వెళ్తారు కదా! ఈసారి అలిపిరి మెట్లదారిని అడవిదారిగా కూడా చూద్దాం.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. దారి పొడవు సుమారు 9 కిలోమీటర్లు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. తెల్లవారాక బయలుదేరితే ఎండ ముదరకముందే గాలిగోపురం చేరవచ్చు.

దారిలో మొదట పలకరించేవి కోతులు. కొమ్మల్లో పొడవాటి తోకతో పెద్ద ఉడుత దూకితే అది బెట్టుడుత. అదృష్టం ఉంటే చుక్కల దుప్పులు కనిపిస్తాయి. రాతి పగుళ్లలో బంగారు బల్లి ఉంటుంది. అది రాత్రిపూట తిరిగే జీవి కాబట్టి పగలు కనబడడం అరుదు. పెద్ద కళ్ల దేవాంగపిల్లి కూడా రాత్రి సంచారే. ఈ కొండల్లో ఎర్రచందనం సహజంగా పెరుగుతుంది. ఈ ప్రాంతాన్ని 2010లో శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటించారు.

ఇక్కడ చిరుతపులులూ ఉన్నాయి. 2023 ఆగస్టులో ఈ దారిలోనే చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం రెండు గంటలు దాటాక పిల్లలను ఈ దారిలో పంపకుండా ఆంక్షలు పెట్టారు. గుంపులుగా నడవమన్నారు.

మరి చిరుతలే లేకపోతే మంచిది కదా అనిపిస్తుందా? స్కాట్లాండు సంగతి వినండి. అక్కడ 3,000 అడుగులు దాటిన కొండలను 'మన్రో'లు అంటారు. నడకకు వెళ్లినవారికి ఎర్ర జింకలు గుంపులుగా కనిపిస్తాయి. కానీ వాటిని వేటాడే తోడేళ్లు అక్కడ వందల ఏళ్ల కిందటే అంతరించాయి. జింకలు పెరిగిపోయి లేత మొక్కలను మేసేస్తుంటే చాలాచోట్ల అడవి మళ్లీ లేవడం లేదు. అందుకే అక్కడ మనుషులే తుపాకులతో జింకల సంఖ్య తగ్గిస్తున్నారు. వేటాడే జంతువు పోతే చెట్టుకు కూడా కష్టమే!

కాబట్టి చిరుతను తరిమేయడం కాదు, మనం జాగ్రత్తగా నడవడమే దారి. పెద్దల చేయి వదిలి ముందుకు పరుగెత్తకండి. మెట్లు వదిలి పొదల్లోకి వెళ్లకండి. కోతులకు, జింకలకు తిండి పెట్టకండి. మిగిలిన తిండి పారేస్తే కుక్కలు, పందులు చేరతాయి. వాటికోసం చిరుత దారి దగ్గరికి వస్తుంది. మనం పారేసిన అరటితొక్క ఇంకొకరి ప్రాణం మీదికి తేవచ్చు.

నేర్చుకుందాం
కోన: కొండల నడుమ లోయ (తలకోన పేరులో ఉన్నది ఇదే)
చరియ: కొండ పక్క వాలు
తీర్థం: పవిత్రమైన నీటి తావు

ఆలోచించండి
1. స్కాట్లాండులో తోడేళ్లు లేకపోవడానికీ, అడవి పెరగకపోవడానికీ సంబంధం ఏమిటి?
2. దారిలో తిండి పారేయడం ఎందుకు ప్రమాదం?
3. మీరు ఇంతకుముందు ఉన్న ఊళ్లో చూసిన ఒక అడవి జీవి గురించి ఐదు వాక్యాలు రాయండి. దాని తెలుగు పేరు అమ్మమ్మనో తాతయ్యనో అడిగి తెలుసుకోండి.