జపాను భాషా స్వయంశిక్షణము – తెలుగు అభ్యాసకుని స్వకీయ సాధనములు

సింహాచల పరిసరములకును జపాను దేశమునకును గల ఆధునిక సంబంధము ఇనుప ఖనిజముతో ముడివడినది. 1960లో కుదిరిన ఒప్పందము ననుసరించి బైలదిల్లా ఖనిజమును ఆ దేశపు ఉక్కు కర్మాగారములకు పంపుటకై కిరండూలు–కొత్తవలస రైలుమార్గము నిర్మితమైనది. కొత్తవలస దాటిన ఖనిజపు బండ్లు సింహాచలము మీదుగా విశాఖ రేవు చేరును. 1942 ఏప్రిల్ 6న ఇదే రేవుపై జపాను విమానములు బాంబులు వేసిన సంగతియు విదితమే. సంబంధము ఇంత దగ్గరదైనను, స్వయముగా జపాను భాష నేర్వబూనిన ఇక్కడి అభ్యాసకునకు అది రోమను లిపి ద్వారా, ఆంగ్ల వ్యాకరణ పరిభాష ద్వారానే అందుచున్నది. సంస్కృతాంధ్రములు చదివినవానికి ఇది చుట్టుదారి. అతనికి మొదటి సాధనము అతని వర్ణమాలయే.

జపాను అక్షరమాల 'గొజూఓన్' క్రమమున అ, ఇ, ఉ, ఎ, ఒ అను అచ్చులును, పిదప క, స, త, న, హ, మ, య, ర, వ అను పంక్తులును వరుసగా నుండును. ఇది సంస్కృత వర్ణసమామ్నాయమే అని చూచినంతనే తెలియును. దక్షిణ భారతీయుడగు బోధిసేనుడు 736లో జపాను చేరి, 752లో తోదైజి మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము గావించెను. కూకై 806లో చైనానుండి సిద్ధమాతృకా గ్రంథములను కొనిపోయెను. ఆ సిద్ధలిపి అధ్యయన పరంపరలోని మేగకు అను భిక్షువు 1093లో రచించిన గ్రంథము ఈ అక్షరక్రమ చరిత్రలో ముఖ్యమైనది. సింహాచలాలయ శాసనములలో ప్రాచీనతమములును దాదాపు ఆ కాలమునాటివే.

ఇచట ఒక శంక పొడమును. పవర్గ స్థానమున హకారమేల? ప్రాచీన జపానులో ఆ పంక్తి పకారోచ్చారణము కలది. నేటికిని హకారమునకు నాదచిహ్నము చేర్చిన బకారమే యగును. ఆంగ్ల మాధ్యమమున చదువువానికి ఇది కంఠస్థము చేయవలసిన వింత. వర్ణస్థానములు తెలిసినవానికి సహేతుకము. తకార పంక్తిలో ఇకారముతో 'చి', ఉకారముతో దంత్య 'ౘు' వచ్చుటయు, చకారమునకు తాలవ్య దంత్య భేదము నెరిగిన తెలుగువానికి కొత్త కాదు.

లిపి విషయమున తెలుగు సౌలభ్యము మరింత స్పష్టము. 'ఒబసన్' అనగా పినతల్లి లేక మేనత్త, 'ఒబాసన్' అనగా అవ్వ. 'కొకొ' అనగా ఇక్కడ, 'కోకో' అనగా ఉన్నత పాఠశాల. 'కితె' అనగా వచ్చి, 'కిత్తె' అనగా తపాలాబిళ్ల. రోమను వ్రాతలో దీర్ఘచిహ్నము తరచు జారిపోవును. దేవనాగరి సామాన్య లేఖనమున హ్రస్వ ఎకార ఒకారములు లేవు. తెలుగున రెండును కలవు, ద్విత్వమును కలదు.

వాక్యరచనలో సామ్యము ఆశ్చర్యకరము. 'వతశి వ అశిత విశాఖ కర తోక్యో ని ఇకిమసు' అను వాక్యమును పదక్రమము మార్చకయే 'నేను రేపు విశాఖనుండి టోక్యోకు వెళ్లుదును' అనవచ్చును. 'కినో కత్త హొన్' అనగా 'నిన్న కొన్న పుస్తకము'. ఇది మన ధాతుజ విశేషణమే, యత్తదర్థక సర్వనామముతో పనిలేదు. 'కురు తొ ఇత్త' అనగా 'వచ్చునని చెప్పెను'. పాఠ్యగ్రంథములు 'తె రూపము' అని పలు పాఠములు కేటాయించునది మన క్త్వార్థకమునకు మిగుల సన్నిహితము. 'యొందె మిరు' 'చదివి చూడు' అగును, 'శితె ఒకు' 'చేసి ఉంచు' అగును. అనుప్రయుక్త ధాతువుల అర్థచ్ఛాయ కూడ కలియుట విశేషము. గౌరవ వాచకములును అట్లే. చెప్పుట అను అర్థమున 'ఒశ్శరు' సెలవిచ్చుట, 'మోశిఅగెరు' విన్నవించుట.

ఈ సామ్యమును చూచి జన్యసంబంధము ఊహింపరాదు. సుసుము ఓనో జపాను భాషకు తమిళముతో సంబంధము ప్రతిపాదించెను గాని, భాషాశాస్త్రజ్ఞులలో అధికులు దానిని అంగీకరింపలేదు. అభ్యాసకునకు కావలసినది చుట్టరికము కాదు, పోలిక. పోలిక చాలనిచోట్లును కలవు. 'వ', 'గ' అను ప్రత్యయముల భేదమునకు తెలుగున సరియైన జోడు లేదు.

అసలు కష్టము చీనాక్షరములతో. 2010నాటి అధికారిక పట్టికలో అవి 2136. ఒకే అక్షరమునకు దేశ్యపఠనము, చీనాపఠనము అని రెండు తెరగులుండుట పలువురను బెదరించును. నీటిని తెలుపు అక్షరము విడిగా 'మిౙు', సమాసమున 'సుఇ'. తెలుగువాడును విడిగా 'నీరు' అని, సమాసమున 'జలాశయము' అనుచున్నాడు. రెండు పఠనములు కలిసిన 'జూబకో' వంటి మాటలు మన వైరిసమాసములను తలపించును. ఈ దృష్టి భయమును తీర్చును గాని శ్రమను తీర్చదు. హైసిగ్ గ్రంథము (1977) అక్షరమునకొక ఆంగ్లపదము జోడించి గుర్తుంచు పద్ధతి చూపినది. అదే పద్ధతిని తెలుగు పదములతో అనుసరించుట మేలు.

స్వరము మరొక చిక్కు. 'హశి' అను మాటకు ఉచ్చనీచ స్వరభేదముచే వంతెన, భోజనపు పుల్లలు అని అర్థములు మారును. ఉదాత్తానుదాత్తములు విన్నవారికి తత్త్వము సుబోధమే, కాని చెవికి అభ్యాసము కావలెను. అందుకు జపాన్ ఫౌండేషన్ 2020లో వెలువరించిన 'ఇరొదొరి' ఉచిత పాఠములు, ధ్వనిముద్రణలు ఉపకరించును. క్రమబద్ధ పఠనమునకు 'మిన్న నొ నిహోంగొ' (1998), 'గెంకి' (1999) ప్రసిద్ధములు. 1984లో ఆరంభమైన ప్రావీణ్య పరీక్ష 2010నుండి ఐదు స్థాయిలుగా జరుగుచున్నది. స్వయముగా చదువువానికి అదే కొలబద్ద.

జిమ్ బ్రీన్ 1991లో ఆరంభించిన ఉచిత నిఘంటువున ఆంగ్లార్థములతో పాటు జర్మను, ఫ్రెంచి, రష్యను అర్థములును చేరినవి. ఆ పదములకు తెలుగున అర్థములు వ్రాయునపుడు, 'అని', 'చూడు', 'ఉంచు' వంటి చోట్ల ఆంగ్లమునుండి మరల అనువదింపక నేరుగా జపానునుండి గ్రహింపవలసి యుండును.