బదిలీ అడగని టీచర్లు: చేరేముందు బడిని ఎలా చూడాలి?

సూరత్‌లోని వరాఛాలో పాఠం చెప్పేది టీచర్లే అయినా, హాజరుపట్టీ మీద పెత్తనం వజ్రాల బజారుదే. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది సౌరాష్ట్ర నుంచి వలస వచ్చిన రత్నకళాకారుల (వజ్రాలు సానబట్టే కార్మికుల) బిడ్డలు. దీపావళికి 21 రోజుల సెలవులిస్తే కుటుంబమంతా భావ్‌నగర్‌కో, అమ్రేలీకో వెళ్తుంది. గిరాకీ లేక కార్ఖానా తెరవడం ఆలస్యమైతే పిల్లల రాకా ఆలస్యమే. కొందరు అసలు రారు. 2025లో మాంద్యం ముదిరి, పని పోయిన వజ్రాల కార్మికుల పిల్లల ఫీజులకు రాష్ట్ర ప్రభుత్వమే సాయం ప్రకటించాల్సి వచ్చింది.

ఇలాంటి చోట్ల పోస్టింగ్ వస్తే చాలామంది వెంటనే బదిలీ కోసం చూస్తారు. కొందరు సీనియర్లు మాత్రం కదలరు. సేవాభావమే కారణమనుకుంటే సగమే అర్థమైనట్టు.

నిలబెట్టేది ఏమిటి?

అమెరికాలోని మసాచుసెట్స్ బడులపై జాన్సన్, క్రాఫ్ట్, పాపే 2012లో ప్రచురించిన అధ్యయనం ఒక అపోహను తొలగించింది. పేద పిల్లల బడుల నుంచి టీచర్లు వెళ్లిపోయేది చాలావరకు పిల్లల వల్ల కాదు, పని పరిస్థితుల వల్ల. భవనాలు, సామగ్రి కన్నా హెడ్మాస్టరు తీరు, సహోద్యోగుల తోడ్పాటు, బడి వాతావరణం ముఖ్యమని తేలింది.

రెండో కారణం నైపుణ్యం. మధ్యలో చేరిన పిల్లకు చదవడం ఎంతవరకు వచ్చో అరగంటలో పసిగట్టడం పుస్తకంలో దొరకదు. రత్నకళాకారుడికి కూలి చేసిన పనిని బట్టే వస్తుంది. పగలు మీటింగ్‌కు పిలిస్తే ఆ పూట సంపాదన పోతుంది. ఆ సంగతి తెలిసిన టీచరు సెలవు రోజున పిలుస్తారు, తల్లిదండ్రులూ వస్తారు. పేట గురించిన ఈ ఎరుక బదిలీతో పాటు రాదు. కొత్త చోట మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. అందుకే అనుభవం పెరిగేకొద్దీ అక్కడే ఉండటం లాభసాటి అవుతుంది.

బడికీ అంతే లాభం. న్యూయార్క్ బడులపై 2013 నాటి అధ్యయనం ప్రకారం, టీచర్లు తరచూ మారే చోట అక్కడే ఉండిపోయిన టీచర్ల దగ్గర చదివే పిల్లల చదువు కూడా దెబ్బతింటుంది.

గుజరాత్‌లో దారి

ప్రాథమిక తరగతులకు పీటీసీ లేదా డీఎల్‌ఎడ్ చేయాలి. 2023 ఆగస్టు నాటి సుప్రీంకోర్టు తీర్పుతో 1-5 తరగతులకు బీఎడ్ చెల్లదు. 1-5కు టెట్-1, 6-8కు టెట్-2, హైస్కూలుకు టాట్ (టీచర్ యాప్టిట్యూడ్ టెస్ట్) పాసవ్వాలి. ప్రభుత్వ ప్రాథమిక బడిలో విద్యాసహాయకుడిగా చేరితే మొదటి 5 ఏళ్లు ఫిక్స్‌డ్ జీతమే. ఇంటి అద్దె, ప్రయాణ ఖర్చు ముందే లెక్కవేసుకోండి. సూరత్ కార్పొరేషన్ ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. వాటిలో తెలుగు ఒకటి. లింబాయత్, ఉధనా వైపు స్థిరపడిన మన చేనేత, మరమగ్గాల కుటుంబాల యువతకు ఇది తెలిసిన లోకం. గుజరాతీ కూడా వస్తే పిల్లల పై చదువులకూ దారి చూపగలరు.

చేరేముందు అడగండి

* 5 ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నవారు ఎందరు? ఎందుకు ఉన్నారు?
* ఏడాది మధ్యలో చేరే పిల్లలకు విడిగా ఏర్పాటు ఉందా, లేక అంతా క్లాస్ టీచరు నెత్తినేనా?
* కొత్త టీచరు క్లాసుకు సీనియర్ ఎవరైనా వచ్చి చూసి సలహా ఇస్తారా?
* గొడవ వస్తే హెడ్మాస్టరు టీచరు వైపు నిలబడి మాట్లాడతారా?

పోస్టింగ్ మన చేతిలో లేకపోయినా ఈ ప్రశ్నలు పనికొస్తాయి. ఏ లోటును మీరే సర్దుకోవాలో ముందే తెలుస్తుంది. మొదటి ఏడాది కష్టంగా గడిచిందని బదిలీ దరఖాస్తు పెట్టకండి. రెండో ఏడాదీ తోడు నిలిచే మనిషి దొరక్కపోతే మాత్రం, మొహమాటపడకుండా పెట్టండి. పిల్లలకు కావాల్సింది త్యాగమూర్తి కాదు, వచ్చే ఏడాది కూడా ఉత్సాహంగా క్లాసుకొచ్చే టీచరు.