కంప్యూటరులో ఆట ఎందుకు నిదానిస్తుంది?



మా అమ్మానాన్నలు నూజివీడు దగ్గర మామిడి తోటల్లో కాయ కోతకు వెళ్తారు. వాళ్ళు బడికి పోలేదు. సెలవుల్లో "కంప్యూటరులో ఏముంటాదే?" అని అమ్మ అడిగితే తోటను చూపించి చెప్పాను. మీకూ అలాగే చెబుతాను.

ప్రాసెసర్ అంటే చెట్టెక్కి కాయ కోసే మనిషి. పనంతా అదే చేస్తుంది. ర్యామ్ అంటే చెట్టు కింద పెట్టిన గంప. అప్పటికి కావలసినవి అందులో ఉంటాయి. కరెంటు పోతే గంప ఖాళీ అయిపోతుంది, అందుకే ముందు సేవ్ చెయ్యాలి. హార్డ్ డిస్కు దూరాన ఉన్న పాక. సరుకు చాలా పడుతుంది గానీ వెళ్ళి రావడం ఆలస్యం. గంప నిండితే మాటిమాటికీ పాకకు పరుగెత్తాలి. అప్పుడు ఆట ఆగి ఆగి నడుస్తుంది.

ఇక మేము చేసిన తప్పు. మా ల్యాబులో కారు ఆట నిదానంగా వస్తోందని, ఎవరో చెప్పిన చిట్కా విని, నేనూ ఇంకో అమ్మాయీ రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టాము. బూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే ప్రాసెసర్ల సంఖ్య, మాగ్జిమమ్ మెమరీ అని రెండు గడులు ఉన్నాయి. టిక్కు పెడితే బలం పెరుగుతుందనుకున్నాము. మొదటి దాంట్లో 1 ఉంచి, రెండో దాంట్లో 1024 వేశాము. పెద్ద అంకె కదా అని!

మర్నాడు టైపింగ్ క్లాసులో ఆ కంప్యూటరు ఎంతకీ తెరుచుకోలేదు. ఆరో తరగతి పిల్లలు వరసలో నిలబడే ఉన్నారు. పాడైపోయింది, గదికి తాళం వేద్దామన్నారు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. పొద్దున్నే వెళ్ళి టీచరు గారికి నిజం చెప్పేశాను.

టీచరు గారు తిట్టలేదు. టిక్కులు తీసి మళ్ళీ ఆన్ చేశారు. బాగయింది! ఆ గడులు బలం పెంచేవి కావు, హద్దు పెట్టేవి. 1024 ఎంబీ అంటే 1 జీబీయే. మా కంప్యూటరులో 4 జీబీ ఉంది. టిక్కు లేకపోతే విండోస్ ఉన్నదంతా తానే వాడుకుంటుంది. నలుగురు కూలీలను ఇంటి దగ్గర ఉంచి, ఒక్కడినే చిన్న గంపతో పంపినట్టు చేశాము.

మరి ఏం చెయ్యాలి?

1. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీని ఏది తింటోందో చూడండి.
2. అక్కర్లేనివి సేవ్ చేసి మూసెయ్యండి. పేరు తెలియని వాటిని ముట్టుకోవద్దు.
3. ఆట సెట్టింగుల్లో నీడలు, రిజల్యూషన్ తగ్గించండి.
4. ఫ్యాను దగ్గర దుమ్ము ఉంటే టీచరు గారికి చెప్పండి. బాగా వేడెక్కితే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది, ఎండకు కూలీ నీడకు చేరినట్టు.
5. ఏ సెట్టింగు మార్చినా ముందున్నది నోటుబుక్కులో రాసుకోండి.

మన నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టారు. పదో తరగతి మార్కులతో సీట్లు ఇస్తారు. నాకు అక్కడికి వెళ్ళాలని ఉంది. అప్పటికి కీబోర్డు మీద చెయ్యి తిరగాలి. అందుకు మన ల్యాబు గది తెరిచి ఉండాలి కదా!

నీతి: తెలియని గడిలో టిక్కు పెట్టకు. పెడితే దాచకు.

— 9వ తరగతి విద్యార్థిని